అమ్మ నసకి కరెంటు

ప్రేమావతికి మెలకువ వచ్చేసరికి నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంది. రోజూ అంతే. మంచం పక్కన పెట్టుకున్న సీసా అందుకుని ఒక గుక్క నీళ్లు నోట్లో పోసుకుంది. వెంటనే మింగలేదు. నాలుక కదిలేదాకా ఉంచి, అప్పుడు మింగింది. ఆ వేళకి పోర్ట్ బ్లెయిర్ పక్కనున్న డాలీగంజ్‌లో కోళ్లు కూసి, ఎదురింటి స్కూటరు స్టార్టయి, కుళాయి నీళ్లు వచ్చి ఆగిపోతాయి. ఆమెకు మాత్రం ఆ గుక్క దిగాకే తెల్లవారినట్టు.

వంటింట్లో కోడలు లవీనా గిన్నెలో రెండు ఇడ్లీలు వేసి, అవి మునిగేదాకా సాంబారు పోసింది.

"నానాక తినండి అత్తయ్యా. జల్దీ ఏం లేదు."

"నాకు లేదు, నీకుందిగా. నీ బోటు టికెట్ల కౌంటరు ముందు ఈపాటికి లైను కట్టేసి ఉంటారు. నువ్వు తిన్నావా? నిన్న కూడా టీ తాగి పరిగెత్తావు. గ్యాసు కట్టావా? పెరట్లో దుప్పటి తీసెయ్యవే, సముద్రం వైపు మబ్బు పట్టింది."

మాటకీ మాటకీ మధ్య ఆమె సీసా ఎత్తుతూనే ఉంది. హెల్మెట్ వెతుక్కుంటున్న కొడుకు షాలోమ్ నవ్వాడు.

"అమ్మా, మాటకో గుక్కయితే మన ట్యాంకు నీళ్లు నీ ఒక్కదానికే చాలవు."

"నీళ్ల సంగతి నాకొదిలెయ్. తెలుగు టీచరు కొడుకువి, ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నావు. నేను చూడలేదనుకున్నావా?"

"పాట నాకు నోటికొచ్చు. పుస్తకం షోకి."

"ఆ షో కూడా సరిగ్గా చెయ్యలేవు," అంది ప్రేమావతి. షాలోమ్ నవ్వుతూనే బండి తీసుకుని కరెంటాఫీసుకి వెళ్లిపోయాడు. అక్కడ అతను గుమాస్తా.

ముప్పై రెండేళ్లు ఆమె రంగత్‌లో బడిపిల్లలకి తెలుగు చెప్పింది. భర్త సుందర్‌రాజ్ రంగత్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి బస్సు నడిపేవాడు. ఊళ్లో పిల్లలందరికీ ఒత్తులూ దీర్ఘాలూ దిద్దించిన మనిషి, తన ఒక్కగానొక్క కొడుకుని హిందీ మీడియంలో వేసింది. తెలుగుతో ఈ దీవుల్లో ఏం ఉద్యోగం వస్తుందని ఆ రోజు వాదించింది ఆమే. సుందర్‌రాజ్ ఏమీ అనలేదు.

రెండేళ్ల కిందట ఆమె గొంతులో గడ్డ లేచింది. చెన్నైలో ముప్పై మూడు రోజులు రేడియేషన్ ఇచ్చారు. గడ్డ పోయింది. దానితోపాటు నోట్లో ఊరే తడి కూడా పోయింది. బిస్కెట్టు మట్టిలా, అన్నం ఇసుకలా తగిలేవి. ఆ ముప్పై మూడు రోజులూ ఆస్పత్రి వరండాలో కూర్చుని ఆమెని కనిపెట్టుకుని ఉన్న సుందర్‌రాజ్, ఏ జబ్బూ లేని మనిషి, ఇంటికి తిరిగొచ్చిన మూడో నెలలో ఒక మధ్యాహ్నం గుండె ఆగి పోయాడు. పోవడానికి సిద్ధపడింది తను. పోయింది ఆయన. ఈ తారుమారు ఎలా జరిగిందో ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఎవరినీ అడగలేదు కూడా.

ఆ తర్వాత షాలోమ్ ఆమెని డాలీగంజ్ తెచ్చేసుకున్నాడు. ఇక్కడికొచ్చాక బరువు నెలనెలా తగ్గింది. నలభై ఒక్క కిలోల దగ్గర డాక్టరు ముఖం మారింది. "నలభైకి దిగితే ముక్కులోంచి గొట్టం వేసి పాలూ జావా పంపాల్సి వస్తుందమ్మా," అన్నాడు. అలా అని, కరెంటు చికిత్స చేసే కళ దగ్గరికి పంపాడు.

కళ విశాఖపట్నం నుంచి ఉద్యోగానికి వచ్చిన అమ్మాయి. చేతిలో ఇమిడే మిషన్ ఒకటి తీసింది. దాని తీగల చివర జిగురు పట్టీలున్నాయి. చీలమండ లోపలి వైపు ఒకటి, మోకాలి కింద ఒకటి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకటి, కింది పెదవి కింద ఒకటి అంటించింది.

"నోరు ఎండితే కాలికి కరెంటేమిటమ్మా?" అని అడిగింది ప్రేమావతి.

"నోట్లో తడి ఊరించే గ్రంథులు రేడియేషన్‌లో కొన్ని పోయాయి. కొన్ని మొద్దుబారి పడుకున్నాయి. నరాల దారిన వాటిని తట్టి లేపుతాం. కాలి దగ్గర తడితే కబురు పైకి వెళ్తుంది, పైనుంచి నోటికి చేరుతుంది. నొప్పుండదు, చీమలు పాకినట్టుంటుంది. అందరికీ పనిచేస్తుందని చెప్పను. కొందరికి చేసింది. వారానికి రెండుసార్ల చొప్పున ఇరవై నాలుగు సార్లు పెట్టి చూద్దాం. ఒక్కటే, ఆ ఇరవై నిమిషాలూ మాట్లాడకూడదు. గడ్డం మీద పట్టీ ఊడిపోతుంది."

తర్వాత ఆ అమ్మాయి షాలోమ్‌ని పక్కకి పిలిచి అదంతా హిందీలో మళ్లీ చెప్పింది. మిషన్ ఇంటికిచ్చి పంపింది. అప్పటినుంచి మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు ఇంట్లో అదే పని.

ఆ రోజూ మంగళవారమే. మధ్యాహ్నం పక్కింటి కనకలక్ష్మి గోడ మీద మోచేతులు ఆనించి పలకరించింది.

"ఏటి టీచరమ్మా, ఇంకా కరెంటు ఎట్టించుకుంటన్నారా?"

"ఎనిమిది సార్లయింది కనకం. ఇవాళ తొమ్మిదోది."

"నోరెండితే కాలికి కరెంటేటో నా బుర్రకెక్కదు. మీవోడు కరెంటాఫీసోడు కాబట్టి సరిపోయింది. చేపల డిపార్ట్‌మెంటోడైతే ఏటెట్టేవోడో."

ప్రేమావతి నవ్వబోయింది. ఎండిన పెదవి పగిలి చురుక్కుమంది.

"మా అమ్మ చెప్పేది," అంది కనకలక్ష్మి గొంతు తగ్గించి. "వాళ్ల ఊర్లో ఒకావిడ పొద్దస్తమానం ఒకటే వాగుడంట. ఇంట్లోవోళ్లు ఇసిగిపోయి, తీసుకెళ్లి కరెంటు ఎట్టించారంట. ఆ తరవాత నోరు మెదిపితే ఒట్టు."

"అది మతి చెడితే పెట్టేది. ఇది వేరు."

"అదేలెండి. సదువుకున్నోరు మీకు తెలీదా."

లోపలికొచ్చి ప్రేమావతి ఫ్రిజ్ తలుపు తీయబోయింది. పక్కన చర్చివాళ్లిచ్చిన క్యాలెండరు వేలాడుతోంది. కొత్త నెల మొదలైంది. పేజీ అప్పుడే ఎవరో తిప్పేశారు. తేదీల కింద ఖాళీలో నీలం పెన్నుతో తెలుగు అక్షరాలు, పెద్దవీ చిన్నవీ, వంకరగా:

'అమ నస కి కరంట్. మంగల, శుకర. 20 నిమశాలు. తగే వరుకు ఆపకుడదు.'

షాలోమ్ రాత. ఆమె కళ్లు అలవాటు కొద్దీ ముందు తప్పుల మీదికే పోయాయి. అమ్మకి మకారం ఒత్తు లేదు. మంగళలో ళ పోయింది. శుక్రవారానికి ఒత్తూ లేదు, వారమూ లేదు. కూడదుకి దీర్ఘం లేదు. అన్నీ మనసులోనే దిద్దుకుంటూ మళ్లీ మొదటికొచ్చింది. రెండో మాట దగ్గర ఆగిపోయింది. అందులో దిద్దడానికేమీ లేదు. ఆ వరసలన్నిటిలోకీ వంక పెట్టలేని మాట అదొక్కటే.

నస.

తగ్గే వరకు ఆపకూడదు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "చాల్లే నీ నస," అని సుందర్‌రాజ్ రోజుకి పదిసార్లయినా అనేవాడు. బస్సు దిగొచ్చి చొక్కా విప్పుకుంటూ అనేవాడు. అని, చొక్కా చిలక్కొయ్యకి తగిలించి, "ఆఁ, తర్వాత?" అని అడిగేవాడు. ఆ మాట అనే చనువు ఆయనొక్కడిదే. ఆయన పోయాక ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ అనలేదు. ఇప్పుడు రాసి గోడకి పెట్టారు.

సాయంత్రం షాలోమ్ వచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కుని, ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. చీలమండ దగ్గర ఒక పట్టీ, మోకాలి కింద ఒకటి, చేతికొకటి అంటించాడు. చివరిది పెదవి కింద పెట్టి, వేలితో నొక్కి, ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు.

"ఇప్పుడు చుప్ అమ్మా. మాట్లాడకు."

ఎనిమిది సార్లు ఆ మాట వింది. ఎనిమిది సార్లూ అది పట్టీ గురించే అనుకుంది. చీమలు పాకడం మొదలైంది. ఆమె కొడుకు నడినెత్తి వైపు చూస్తూ కూర్చుంది. వాడు శ్రద్ధగా మిషన్ మీద అంకెలు చూస్తున్నాడు. ఇంత శ్రద్ధ దేనికో ఆమెకి ఒక్కసారిగా తెలిసినట్టే అనిపించింది. మళ్లీ తెలియనట్టూ అనిపించింది. కళ నోటి గురించే చెప్పింది కదా. మరి కొడుకుని పక్కకి పిలిచి చెప్పిందేమిటి?

అడిగితే తేలిపోయేది. అడగడం కూడా నస కిందికే వస్తుందేమోనని ఊరుకుంది.

ఆ మర్నాటినుంచి ఆమె మాట్లాడటం మానేసింది. అలిగినట్టు కాదు. పిలిస్తే పలికేది. 'అవును', 'వద్దు', 'సరే'. అంతకు మించి ఒక్క మాట లేదు. సాంబారు చాలకపోతే అడగలేదు. అడగకుండా పొడిగా మింగలేక సగం వదిలేసింది. శుక్రవారం పట్టీలు పెట్టి షాలోమ్ స్నానానికి వెళ్లగానే, ఒక్కొక్కటే ఊడదీసి మిషన్ పక్కన పేర్చింది. నీళ్ల చప్పుడు ఆగగానే మళ్లీ అంటించుకుంది. ఆ తర్వాతి మంగళవారమూ అంతే చేసింది. తగ్గించుకోవాల్సింది తనే తగ్గించుకుంది, ఇక ఈ తీగలెందుకు అనుకుంది.

"అత్తయ్యా, ఒంట్లో బాగాలేదా?" అని లవీనా అడిగింది.

"బాగుంది."

"నోరు ఇంకా ఎండుతోందా? అందుకా మాట్లాడట్లేదు?"

"లేదు."

ఒక రోజు లవీనా వాళ్లమ్మతో ఫోన్లో అంటున్న మాటలు కిటికీలోంచి వినబడ్డాయి. "వారం అయిపోయింది మమ్మీ, ఇల్లంతా శాంత్‌గా ఉంది." ప్రేమావతి కిటికీ దగ్గర్నుంచి జరిగిపోయింది. సరే, పని జరిగిందన్నమాట.

పదో రోజు శుక్రవారం. కళ దగ్గరికి వెళ్లారు. బరువు చూసే మిషన్ ముప్పై తొమ్మిదిన్నర చూపించింది. కళ ఆమెని దింపి మళ్లీ ఎక్కించింది. అంతే చూపించింది.

"పదకొండు సార్లయింది కదా. పెరగకపోయినా తగ్గకూడదు. సరిగ్గానే పెడుతున్నారా?"

"ఒక్కసారి కూడా తప్పలేదు మేడమ్," అన్నాడు షాలోమ్.

"వచ్చే వారం డాక్టరుగారు గొట్టం సంగతి మాట్లాడతారు. నాకర్థం కావడం లేదమ్మా. మీకేమైనా తేడా తెలుస్తోందా?"

ప్రేమావతి తల అడ్డంగా ఊపింది.

ఇంటికొచ్చాక పట్టీలు పెట్టాడు. నాలుగూ పెట్టి, ఫోన్ మోగితే వరండాలోకి వెళ్లి, మాట్లాడకుండానే కట్ చేసి తిరిగొచ్చాడు. అప్పటికి ఆమె చీలమండ దగ్గరిది ఊడదీసి, మోకాలి కింది దాని మీద చెయ్యి వేసింది.

షాలోమ్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎన్నాళ్ల నుంచి అమ్మా? నేను మేడమ్‌కి ఏం చెప్పానో విన్నావుగా. ఒక్కసారి కూడా తప్పలేదని చెప్పాను. ఝూఠా చేసేశావు నన్ను."

గొంతు విని లవీనా గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. ఊడిన పట్టీ చూసింది.

"నాన్న దగ్గరికి పోవాలనా?" షాలోమ్ లోపలికొచ్చాడు. "అదే అయితే మొహం మీద చెప్పు. ముక్కులో గొట్టం వేసుకునైనా పోదామనుకున్నావా? రెండేళ్లు కాలేదు నాన్నని మట్టిలో పెట్టి. మళ్లీ అదే చోటికి నన్ను నడిపిస్తావా?"

"అలా అనకు," అంది లవీనా.

"మరెలా అనాలి? నువ్వు డ్యూటీ మార్చుకున్నావు. నేను పర్మిషన్లు పెట్టుకుని వస్తున్నాను. ఈవిడ కూర్చుని ఊడదీస్తోంది. క్యోఁ? ఒక్క మాట చెప్పమను."

ప్రేమావతి సీసా అందుకుంది. ఒక గుక్క నోట్లో ఉంచుకుని, నాలుక కదిలాక మింగింది.

"నా నోరు మూయించడానికి ఇన్ని తీగలెందుకురా? చెప్తే నేనే మూసుకునేదాన్ని. మూసుకున్నానుగా."

షాలోమ్‌కి ఏమీ అర్థం కాలేదు. లవీనా వైపు చూశాడు. లవీనా అంతకంటే అయోమయంగా చూసింది.

"నోరు మూయించడమేంటి?"

"మీ నాన్న కూడా అనేవాడు. నోటితో అనేవాడు. గోడ మీద రాసి పెట్టలేదు."

"గోడ మీద ఎవరు రాశారు? ఏం రాశారు?"

ఆమె వంటింటి వైపు చెయ్యి చూపించింది. లవీనా వెళ్లి క్యాలెండరు తీసుకొచ్చింది. అటూ ఇటూ తిప్పి, తనకి తెలుగు చదవడం రాదు గనుక భర్త చేతికిచ్చింది. షాలోమ్ వేలు పెట్టుకుని, తను రాసిందే తను కూడబలుక్కుని చదివాడు.

"అమ్మ... నస్ కి... కరెంట్. మంగళ, శుక్ర. ఇరవై నిమిషాలు." తలెత్తాడు. "ఏం తప్పుంది? స్పెల్లింగా?"

"రెండో మాట మళ్లీ చదువు."

"నస్."

"ఇంకోసారి."

"నస్ అమ్మా. నస్." మోచేతి లోపల నీలంగా కనబడే చోట వేలు పెట్టి చూపించాడు. "ఇది. మేడమ్ చెప్పింది కదా, నస్ కో జగానా హై, దాన్ని తట్టి లేపాలి అని. తెలుగులో ఏమంటారో నాకు తెలీదు. అదే రాసేశాను."

ప్రేమావతి ఆ వేలు ఉన్న చోటు చూసింది. ఆ హిందీ మాట ఆమెకి తెలియనిది కాదు. నలభై ఏళ్లుగా బజార్లో, ఆస్పత్రిలో, బస్సులో వింటున్నదే. చెవిన పడితే అది హిందీ అని వెంటనే తెలిసేది. కాని తెలుగు అక్షరాల్లో కళ్లబడింది. తెలుగు అక్షరాల్లో ఉన్నదేదైనా ఆమెకి తెలుగే.

"నరం," అంది చివరికి. "నరం అంటారు దాన్ని."

"నరం," అన్నాడు షాలోమ్. తర్వాత అతనికి వెలిగింది. మెల్లగా కూలబడ్డాడు. "నువ్వు... 'చాల్లే నీ నస' అనుకున్నావా? నాన్న అనేది?"

ఆమె తలూపింది.

"క్యా హుఆ? నస అంటే?" అని లవీనా అడిగింది. షాలోమ్ రెండు ముక్కల్లో చెప్పాడు. లవీనా గరిటె ఉన్న చెయ్యే నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ మాట నాకు తెలుసమ్మా. నాన్న అంటుంటే విన్నదే. రాసేటప్పుడు గుర్తే రాలేదు. ఒక్కో అక్షరం ఫోన్లో చూసుకుంటూ రాశాను. ఆ నాలుగు ముక్కలకి గంట పట్టింది. మాట ఏమిటో ఎవరు చూసుకున్నారు, అక్షరం ఎటు తిరుగుతుందా అని చూడటమే సరిపోయింది."

"హిందీలో రాయొచ్చు కదరా. ఇంగ్లీషులో రాయొచ్చు. అవీ చదువుతాను."

"నువ్వే అన్నావు." షాలోమ్ నేల వైపు చూశాడు. "మీ నాన్న పోయాక ఈ ఇంట్లో తెలుగు అక్షరం రాసేవాళ్లు లేరని. పోయిన నెల. సంతోషపడతావనుకున్నాను."

ప్రేమావతి క్యాలెండరు అందుకుని ఒళ్లో పెట్టుకుంది. ముప్పై రెండేళ్లలో ఎందరి పలకలో దిద్దింది. తన బిడ్డకి పలకే ఇవ్వలేదు. పలక లేని పిల్లవాడు, మీసాలొచ్చాక, తల్లి కోసం గంటసేపు కూర్చుని నాలుగు ముక్కలు రాస్తే, అందులో ఒత్తులు లేవని చూసింది. మిగిలినదాన్ని తన మీద నింద అనుకుంది.

"నిన్ను హిందీలో వేసింది నేను," అంది. "మీ నాన్న వద్దనలేదు, ఔననలేదు. నేనే వేశాను."

"అది వదిలెయ్ అమ్మా."

"వదలను. నాది తప్పని చెప్పనియ్."

కళ్లలోంచి నీళ్లు జారాయి. సుందర్‌రాజ్ పోయిన రోజున కూడా ఆమె నలుగురి ముందూ ఏడవలేదు. లవీనా వచ్చి పక్కన కూర్చుంది.

"నేను మమ్మీకి ఫోన్ చేసింది మీరు విన్నారా అత్తయ్యా? ఇల్లు శాంత్‌గా ఉందన్నాను. భయమేసి చేశాను. మామయ్య చనిపోయాక ఆ వారమంతా ఇల్లు ఎలా ఉందో అలా ఉందని చెప్పడానికి."

"ఈ పది రోజులూ నేను గేటు బయట బండి మీదే కూర్చునేవాణ్ని," అన్నాడు షాలోమ్. "లోపల గొంతు వినబడితే వద్దామని."

ప్రేమావతి పమిటతో ముఖం తుడుచుకుంది. "ఎక్కువ మాట్లాడతాను. అది నిజమే కదే లవీనా?"

లవీనా ఒక్క క్షణం ఆలోచించింది. "నిజమే అత్తయ్యా. చాలా ఎక్కువ."

షాలోమ్ ముందు నవ్వాడు. తర్వాత లవీనా. ప్రేమావతి కాలు తనే ముందుకి చాపింది. షాలోమ్ ఊడిన పట్టీ తుడిచి మళ్లీ అంటించాడు. పెదవి కింద దాన్ని నొక్కి, ఏదో అనబోయి ఆగిపోయాడు.

"అనరా, ఫరవాలేదు," అంది ఆమె. "ఊడిపోతుంది కదా."

"చుప్ అమ్మా," అన్నాడు చాలా మెల్లగా.

ఇరవై నిమిషాలు ముగ్గురూ అలాగే కూర్చున్నారు. మిషన్ ఆగాక షాలోమ్ పట్టీలు తీసి ఆమె ముఖంలోకి చూశాడు.

"తడి తెలుస్తోందా?"

ఆమె నాలుక నోరంతా తిప్పి చూసింది. పెదవి మూలన ఉప్పగా ఏదో తగిలింది. అది కన్నీరో, లోపల్నుంచి ఊరిందో ఆమెకి పోల్చుకోవడం రాలేదు.

"చెప్పలేనురా. ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. మంగళవారం పెట్టి చూద్దాం, ఇంకా చాలా సార్లున్నాయిగా. ఈలోగా అన్నం మెత్తగా పిసికి పట్రావే లవీనా, చారు బాగా పొయ్యి. ముక్కులో గొట్టంతో నేను చర్చికి రాలేను."